పాత వాద్యమునకు క్రొత్త ముఖము

పాత వస్తువులో నొక భాగము చెడినప్పుడు దానిని తీసి క్రొత్తది పెట్టవచ్చునా యని ఎవరును తర్కించుచు కూర్చుండరు. నాగటి కర్రు అరిగినచో కమ్మరి కొలిమికి పోవుదురు; మంచపు నులక తెగినచో మరల అల్లించుకొందురు. చిక్కు ప్రశ్న పుట్టునది వేరొక చోట. వస్తువు చెడలేదు, పుట్టిననాడు ఎట్లున్నదో నేడును అట్లే యున్నది. దానిని వాడుకొను మనుష్యుడు మాత్రము ముసలివాడైనాడు. అప్పుడు ఆ వస్తువును మార్చుట న్యాయమా? మార్చిన పిమ్మట అది ఆ వస్తువే యగునా? గత వర్షాకాలమున ఈ ప్రశ్న మా వీధి కొసనున్న యొక యింటిలో మాకెదురయ్యెను. దానిని మేము కొంత పాండిత్యముతో విచారించి, కొంత తొందరతో పరిష్కరించి, తీర్చరాని నష్టమొకటి తెచ్చిపెట్టితిమి. ఆ వృత్తాంతమును దాచక చెప్పుటకే ఈ వ్యాసము.

మేముండునది జగిత్యాల. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించునంతవరకు ఇది కరీంనగరు జిల్లాలోని పట్టణము. ఆ యింటి పెద్ద డెబ్బదియేండ్లు దాటిన వాద్యకారుడు. 1980వ దశకము మొదలు ఇరువదియేండ్లకు పైగా ఆయన పెండ్లి బృందములతో ఈ రెండు జిల్లాలును తిరిగినారు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూరు మొదలగు బొగ్గుగనుల కాలనీలలో గణపతి నవరాత్రులు వచ్చినచో ఆయనకు రాత్రి నిద్ర యుండెడిది కాదు. ఆయన వాయించునది కీబోర్డు. శాస్త్రజ్ఞులు సింథసైజరు అందురు. యమహా కంపెనీ వారి డి.ఎక్స్. 7 అనునది దాని పేరు. ఒకరు వాడి విడిచినదానిని మదరాసులో కొని, గోనెపట్టలలో చుట్టి రైలులో తెచ్చుకొన్నారట. దానికై భార్య మెడలోని గొలుసు అమ్మవలసి వచ్చెను. ఆ యిల్లాలు ఇప్పుడు లేరు.

ఈ వాద్యమును గూర్చి చదువరులకు కొంత చెప్పవలసియున్నది. లేనిచో మా తప్పు ఎంతటిదో తెలియదు. 1967లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ అను సంగీతజ్ఞుడు ఒక చిత్రమును కనుగొనెను. ఒక కంపనముచేత మరియొక కంపనముయొక్క వేగమును మిక్కిలి త్వరగా హెచ్చించుచు తగ్గించుచు నుండినచో, ఆ రెంటిలోను లేని క్రొత్త నాదచ్ఛాయలు పుట్టును. గంటల మ్రోత, కంచు వాద్యముల గర్జన, తీగెలపై మీటిన ధ్వని మొదలగునవి కేవలము గణితముచేత చేయవచ్చునని తేలెను. 1973లో ఆయన దీనిని ప్రకటించెను. జపానులోని యమహా వారు ఆ హక్కును పొంది, యేండ్ల తరబడి పనిచేసి, 1983లో డి.ఎక్స్. 7 ను వెలువరించిరి. అరువదియొక్క మెట్లు, ఒకేమారు పదునారు స్వరములు పలుకును, లోపల ఆరు కంపనములను ముప్పదిరెండు విధములుగా కూర్చుకొనవచ్చును. లోకమున లక్షకు పైగా అమ్ముడుపోయినది.

దీనికి ముందు వచ్చిన సింథసైజరులలో ఒక్కొక్క గుణమునకు ఒక్కొక్క మరగుబ్బ యుండెడిది. కన్ను మూసికొన్నను చేతికి దొరకెడిది. డి.ఎక్స్. 7 లో గుబ్బలు లేవు. చదునైన బొత్తాములును, సంఖ్యలను మార్చుటకు పైకి క్రిందికి జరుపు ఒక్క మీటయు, వీటి నడుమ నొక చిన్న గవాక్షమును కలవు. వరుసకు పదునారు అక్షరముల చొప్పున రెండు వరుసలు. ఆ గవాక్షమున ఒక్కమారు ఒక్క సంఖ్య మాత్రమే కనబడును. ఒక నాదమును తయారుచేయుటకు అట్టి సంఖ్యలు 145 కావలెను. పైగా పది అక్షరములకు మించని పేరొకటి. అనగా ఆ మహాసౌధమునకంతకును ఉన్నది ఒకే కిటికీ. ఆ కిటికీ వెలవెలబోయినచో యజమానుడు తన యింటిలోనే గ్రుడ్డివాడగును.

ఆ కిటికీకి వెనుక దీపము లేదు. అది ద్రవస్ఫటికములతో చేసిన తెర. 1888లో రైనిట్జర్ అను ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు క్యారెట్టు దుంపలనుండి తీసిన యొక పదార్థమును కాచుచు, అది గట్టిదియు ద్రవమును గాని విచిత్రావస్థను పొందుట చూచెను. ఆ జాతి పదార్థమే నేడు గడియారములలోను, లెక్కల యంత్రములలోను అక్షరములై నిలుచుచున్నది. అది తానుగా వెలుగదు; వచ్చిన వెలుతురును పోనిచ్చుటయో ఆపుటయో చేయును. చంద్రుడు సూర్యుని వెలుగుతో ప్రకాశించినట్లు, డి.ఎక్స్. 7 తెర గదిలోని వెలుగుతో ప్రకాశించును. పగటివేళ ప్రయోగశాలలో కూర్చుండి రూపొందించినవారికి అది చాలియుండును. పెండ్లిపందిరిలో ఎఱ్ఱని నీలపు దీపములు త్రిప్పుచుండగా వాయించువానికి చాలదు. చత్వారము వచ్చినవానికి అసలే చాలదు. చత్వారమనగా ఏమో మాకును ఈ నడుమనే తెలిసినది. నలుబది దాటిన పిమ్మట విద్యార్థుల జవాబుపత్రములను చేయి చాచి దూరమున పట్టుకొని దిద్దుచున్నాము.

"గిందుల ఏమున్నదో కనవడ్తలేదు సారూ," అని ఆ పెద్దాయన ఒకనాడు మాతో ననిరి. "చీకట్ల చెవితోని వాయిస్త గని, చెవితోని సదువరాదు గద."

మాటాడుచున్నప్పుడు ఆయన మనుమరాలు ప్రక్కనే నిలిచి యుండెను. మా బడిలో పదవ తరగతి చదువుచున్నది. ఎడమచేత ఫోను పట్టుకొని దాని దీపమును ఆ తెరపై ఏటవాలుగా పడునట్లు నిలిపినది. నిట్టనిలువుగా పట్టినచో గాజు మెరసి అక్షరము కనబడదట. కుడిచేత సాంఘికశాస్త్రపు పుస్తకము. తాత ఒక్కొక్క సంఖ్య అడుగును. ఆమె చదివి చెప్పును. ఆయన మీట జరుపును. మరల ఆమె చదువును. సాయంకాలము రెండు గంటలకాలము ఇట్లు గడచునని తెలిసినది. ఎన్నియేండ్లనుండి యని యడిగితిమి. ఆమె కొంత ఆలోచించి, "ఆరో తరగతి నుంచి సారూ" అనెను. విసుగు ఆమె మాటలో లేదు. తాతయు, "అదే నా కండ్లు" అని గర్వముతో ననిరి.

తెర మార్పించిన సరిపోవును గదా యని మాకు తోచెను. హైదరాబాదులో పాత వాద్యములను సేకరించు మిత్రునితో ఫోనున మాటాడితిమి. అతడు గాభరాపడెను. "ఆ పని చేయకుడు. నలుబదియేండ్లనాటి వాద్యము, అన్ని భాగములును మొదటివే యున్నవి. ముఖము మార్చినచో అది డి.ఎక్స్. 7 కాదు, డి.ఎక్స్. 7 వంటిది మాత్రమే" అని వాదించెను. కొనువారు తక్కువ వెల ఇత్తురనియు చెప్పెను. వెల మాట పెద్దాయన చెవిని పడగానే, "ఇది మా ఇంటిదాని గొలుసు. దీన్ని అమ్మేదెవ్వడు?" అనిరి. ఆ వాదమంతటితో ముగిసెను. కాని మొదటి వాదము మిగిలియున్నది. దానిని త్రోసివేయుట సులభము కాదు.

మేము సంస్కృతమును, ఇంగ్లీషును కొంత చదివినవారము. ఇట్టి ప్రశ్న దొరికినచో మావంటివారికి పండుగ. గ్రీసు దేశపు థీసియసు ఓడను ఏథెన్సు ప్రజలు భద్రపరచుచు, కుళ్లిన పలకనెల్ల తీసి క్రొత్త పలకను వేయుచు వచ్చిరనియు, అది ఆ ఓడయే యని కొందరును, కాదని కొందరును తార్కికులు కలహించిరనియు ప్లూటార్కు వ్రాసెను. మిలిందుడను యవనరాజునకు నాగసేన భిక్షువు రథమును చూపి ఇరుసు రథమా, చక్రములు రథమా, నొగ రథమా యని ప్రశ్నించి, ఇవేవియు రథము కాదనిపించి, రథమనునది వ్యవహారమునకై పెట్టుకొన్న పేరని ఒప్పించెను. ఈ రెండు కథలను మేము పదవ తరగతి పిల్లలకు ఏటేట చెప్పుచుందుము. ఆ సాయంకాలము పెద్దాయన వరండాలో కూర్చుండి మనసున వీటినే త్రిప్పుకొంటిమి. అప్పుడు మాకు తోచినదేమనగా, థీసియసు ఓడ ఆ కథలో భద్రపరచబడిన వస్తువు మాత్రమే. దానిలో సముద్రమునకు పోవువాని మాట అందులో లేదు. మిలిందుని రథముపై నెక్కి వచ్చినవాడున్నను, ఆ రథము తనకు సౌకర్యముగా నున్నదా యని నాగసేనుడు రాజు నడుగలేదు. వస్తువు తనకు తానుగా ఏమి యని తేల్చుటకు ఈ దృష్టాంతములు చక్కగా పనికివచ్చును. ఆ వస్తువును చేతబట్టి బ్రతుకుచున్న యొక వృద్ధునకు మనమేమి చేయవలెనని యడిగినచో ఇవి మౌనము వహించును.

మన వాద్యకారులు ఈ ప్రశ్నను ఏనాడో, పేరు పెట్టకయే, పరిష్కరించుకొన్నారు. వీణ మెట్లు మైనముపై నిలుచును. కొన్నియేండ్లకు ఆ మైనము మెత్తబడి స్వరస్థానము కదలును. అప్పుడు మేళము మరల కట్టించుకొందురు. తాతగారి వీణకు మేళము మార్చితిమి గనుక ఇది తాతగారిది కాదని ఏ వైణికుడును అనడు. ఆదిలాబాదు గోండుల కథలను పాడు పరధానులకు కీక్రి యను మూడుతీగెల వాద్యమున్నది, కమానుతో వాయింతురు. తోలు సడలినను, తీగె తెగినను మార్చుకొందురు. హైమెండార్ఫు పండితుడు 1940వ దశకమున ఆ ప్రాంతమున నివసించి, 1948లో ఆదిలాబాదు రాజగోండులపై గ్రంథమును ప్రకటించెను. ఆయన కాలపు కీక్రిలలో ఏ ఒక్కటి నేటికి మిగిలినను, దాని తోలు ఆనాటిదై యుండునని మేమనుకొనము. కీక్రియే కాదందుమా?

అయినను మా మిత్రుని వాదమునకు ఇది సరియైన జవాబు కాదు. మేళము కట్టుట, తోలు మార్చుట, ఉండినదానిని మరల ఉండునట్లు చేయుట. మన ఆగమములలో దీనిని జీర్ణోద్ధారణమందురు. సింథసైజరులలోనే దీనికి పోలిక కలదు. 1988లో కోర్గు కంపెనీ వారు ఎం. 1 అను వాద్యమును తెచ్చిరి. దాని తెర వెనుక పలుచని దీపఫలకముండెను. విద్యుత్తు తగిలిన భాస్వరపు పూత వెలుగును. ఆ పూత యేండ్లు గడచుకొలది మందగించును. దానికి విద్యుత్తు నందించు చిన్న పరికరము దోమవలె రొదచేయును. ఎం. 1 యజమానులు ఆ తెరను తీసివేసి నేటి ఎల్.ఈ.డీ. దీపపు తెరను బిగించుకొన్నచో, పోయిన వెలుగును తిరిగి తెచ్చుకొన్నవారగుదురు. డి.ఎక్స్. 7 మాట వేరు. దానికి ఏనాడును దీపము లేదు. లేనిదానిని చేర్చుట ఉద్ధరణ కాదు, మార్పు. ఈ భేదమును మా మిత్రుడు స్పష్టముగా చూచెను. మేమును ఒప్పుకొంటిమి. ఒప్పుకొన్న పిమ్మట గదా అసలు విచారణ మొదలగుట.

ఆ మార్పు లేకున్నప్పుడు ఆ తెర చదువబడుట లేదా? చదువబడుచునే యున్నది. దీపము లేకుండ ఎవరును చదువుట లేదు. ఆ దీపము వాద్యములోపల లేక ఒక బాలిక చేతిలో నున్నది, అంతే. మా మిత్రుడు కాపాడదలచిన పవిత్రతను నాలుగేండ్లుగా ఆమె ఎడమచేయి మోయుచున్నది. మేము ఈ మాట యనగా అతడు, "ఆ పిల్లను నేను లెక్కలోనికి తీసికొనలేదు" అని నిజాయితీతో నొప్పుకొనెను. ఎవరు తీసికొందురు? సంస్కారప్రియులైన చదువరులు తమ తమ యిండ్లలో వెదకికొనవచ్చును. మన పూర్వులు మడి యని దేనిని గౌరవించిరో, అది చాలవరకు తడిబట్టతో వడకుచు పొయ్యి ఊదిన స్త్రీల దేహములపై నిలిచినది. పాతది పాతదిగానే యున్నదని మనము సంతోషించునప్పుడెల్ల, దానిని అట్లు నిలుపుటకు ఎవరు నిలువుగాళ్లపై నున్నారో తిరిగి చూచుట మంచిది. ఇది పాతదానిపై ద్వేషము కాదు. ఆ పెద్దాయన కంటె పాతదానిని ప్రేమించువాడు మా వీధిలో లేడు.

మార్చుటకే నిశ్చయించితిమి. మూడు నియమములు మాత్రము పెట్టుకొంటిమి. పెట్టెను ఎక్కడను కోయరాదు, రంధ్రము చేయరాదు. పాత తెరను పారవేయరాదు. ఎప్పుడైన ఇంకొకరి చేతికి పోయినచో మార్చిన సంగతి దాచరాదు. ఈ మూడింటిని గూర్చి ఎక్కువ చెప్పనక్కర లేదు. అబద్ధమాడని మార్పు మార్పుగానే యుండును; దాచిన మార్పు మోసమగును. పని కూడ కఠినమైనది కాదట. ఆ కాలపు తెరలు చాలవరకు హిటాచీ వారి యొక్క ఆజ్ఞాపద్ధతిని అనుసరించుటచేత, నేడు అంగడిలో దొరకు పదునారక్షరముల తెర ఆ వాద్యపు మాటలను అట్లే గ్రహించును. పాతదానికి పదునాలుగు తీగెలు. క్రొత్తదానికి దీపముకొరకు మరి రెండు. ఆ దీపము మితిమీరి విద్యుత్తును త్రాగకుండ నడుమ నొక నిరోధకమును వేయవలెను. నాదము పుట్టు మార్గమును ఎవరును తాకరు.

శ్రావణమాసమున నొక ఆదివారమునాడు కరీంనగరునుండి మెకానిక్కును పిలిపించితిమి. నేర్పరి, నిదానస్థుడు. మూత విప్పి, పాత తెరను తీసి, తీగెల నొక్కొక్కటిగా అతికి, మీట వేసెను. నీలపు వెలుగులో తెల్లని అక్షరములు నిలిచినవి. పెద్దాయన కండ్లద్దములను తుడుచుకొని ముందునకు వంగిరి. ఆయన స్వయముగా తయారుచేసిన నాదములు ముప్పదిరెండు ఆ వాద్యపు జ్ఞాపకములో నుండెను. బొత్తాము నొక్కుచు ఒక్కొక్క పేరును బిగ్గరగా చదివినారు. "జాతర. సన్నాయి రెండు. బాయికాడ. కీక్రి." కీక్రి యనునది కేస్లాపూరు నాగోబా జాతరలో విన్న పరధానుల వాద్యమును తలచుకొని మూడు నెలలు కూర్చుండి చేసినదట. దానిని వాయించి వినిపించిరి. తీగెపై కమాను ఒరసినట్లు మొదట కొంచెము గీరి, పిమ్మట లోపలనుండి ఏడ్చినట్లుండెను. మనుమరాలు గడపపై కూర్చుండి రెండు చేతులతో పుస్తకము పట్టుకొని చదువుకొనుచుండెను. మా వాదము గెలిచినదని మేమెంతయు సంతోషించితిమి.

ఆ సంతోషములోనే మేము నోరు జారితిమి. వాద్యము లోపల ఒక చిన్న లిథియము బ్యాటరీ కలదు. నాణెమంత యుండును. వాద్యము ఆపివేసినప్పుడు ఆ ముప్పదిరెండు నాదముల సంఖ్యలను మరువకుండ కాపాడునది అదియే. దానిని పలకకు అతికియుందురు. మూత విప్పియేయున్నది గదా, ముసలి బ్యాటరీని కూడ మార్చిపెట్టుడని మేమే చెప్పితిమి. మెకానిక్కు తల యెత్తి, "లోపలున్నయి ఇంకోతాన దాసినరా?" అని యడిగెను. పెద్దాయన టీ గ్లాసులకై లోనికి పోయియుండిరి. బల్లపై రెండు కార్ట్రిడ్జీలుండుట మేము చూచితిమి. వాటిలో నుండునని యూహించి, "ఉన్నవి" అంటిమి. అవి కంపెనీ వారు వాద్యముతో నిచ్చినవి. వాటిలో కంపెనీ వారి నాదములు తప్ప వేరేమియు నుండవు, వ్రాయుటకును వీలుపడదు. మాకు తెలియదు. అడుగలేదు.

మరల మీట వేయునప్పటికి ఆ క్రొత్త తెరపై పేర్ల స్థానమున అర్థములేని గుర్తులు నిలిచినవి. పాత తెరయైనచో కొంతసేపు కనబడక పోయెడిది. ఇది కన్నులు మిరుమిట్లు గొలుపునంత స్పష్టముగా చూపినది. పెద్దాయన బొత్తాములు ఒకటినుండి ముప్పదిరెండు వరకు నొక్కి చూచిరి. ఏమియు ననలేదు. మెకానిక్కు మావైపు చూచెను. అతని దోషమిందులో లేశమును లేదు. తుదకు పెద్దాయన, "చాయ్ చల్లారిపోతున్నది, తాగుండ్రి" అనిరి.

ఆ రాత్రి మాకు నిద్ర లేదు. ఆగమముల జీర్ణోద్ధారణమును గూర్చి పగలు అంత వివరించితిమి గదా, అందులో మొట్టమొదటి విధి యేమి? గర్భాలయమును తాకుటకు ముందు దేవతాశక్తిని అచ్చటినుండి ఆకర్షించి, కలశమునందో తాత్కాలిక బింబమునందో నిలిపి, బాలాలయమున ప్రతిష్ఠించి పూజ సాగింతురు. కళాకర్షణమని దానికి పేరు. యాదగిరిగుట్టలో 2016లో పునర్నిర్మాణమునకు పూనుకొన్నప్పుడు భక్తులందరును బాలాలయమునకే పోయి దర్శనము చేసికొనిరి. 2022వ సంవత్సరము మార్చి 28వ తేదీన గదా ప్రధానాలయపు తలుపులు తెరచుట. మేమును రెండుమారులు ఆ బాలాలయమునకు పోయి, క్యూలో నిలుచుండి, ఈ విధి ఔచిత్యమును మాతో వచ్చిన పిల్లలకు బోధించితిమి. ఈ వాద్యమునకు బాలాలయమెంత? ముప్పదిరెండు నాదములును కలిపి, పంపునప్పుడు ముందు వెనుకల గుర్తులతో సహా, 4,104 అక్షరసంఖ్యలు. ఈ పత్రికలో కొన్ని పుటలకు మించదు. వాద్యమును కంప్యూటరునకు కలుపు తీగె యొకటి యున్నచో కొన్ని క్షణములలో అవతలి యొడ్డు చేరెడివి. మా బడిలోనే కంప్యూటరు లున్నవి.

ఇందులో మాకు మిక్కిలి బాధ కలిగించునది వేరొకటి. కీక్రి వంటి వాద్యమున కొయ్యయే నాదము. ఆ కొయ్య పోయినచో, ఎంతటి నేర్పరి మరియొకటి చెక్కినను అది మరియొకటియే. డి.ఎక్స్. 7 లో అట్లు కాదు. పెట్టె జపానులోని కర్మాగారము చేసినది, అట్టివి లోకమంతటను కలవు. తెర అంగడిలో దొరకును. బ్యాటరీ నాణెము వంటిది. ఆ పెద్దాయనది అని చెప్పదగినది ఆ సంఖ్యలు మాత్రమే. వాటిని ఎన్నిమారులు నకలు తీసినను వెండ్రుకవాసి తేడా లేకుండ అదే నాదము పలుకును. మేము తొమ్మిదిదినములు ముఖమును గూర్చి, పలకలను గూర్చి, రథచక్రములను గూర్చి తర్కించి, పరిరక్షింపదగినది ఏదియో, మిక్కిలి సులభముగా పరిరక్షింపదగినది ఏదియో, దానిని గూర్చి ఒక్క ప్రశ్నయు నడుగలేదు. మా మిత్రుడును అడుగలేదు. మేమిద్దరమును ప్రతిపక్షములలో నుండి ఒకే తప్పు చేసితిమి.

ఆ సంఖ్యలను పెద్దాయన కాగితముపై వ్రాసియుంచుకొనలేదా యని చదువరులు అడుగవచ్చును. మేమును అడిగితిమి. "కనవడ్తె గద సారూ రాసుకునేది" అనిరి. మనుమరాలిచేత వ్రాయింపవచ్చును, కాని ఒక్కొక్క నాదమునకు 145 చొప్పున ముప్పదిరెండు నాదములకు నాలుగువేల ఆరువందలకు పైగా సంఖ్యలు. దీపము పట్టిన పిల్లచేతనే అదియు చేయించుటకు ఆయనకు మనసొప్పలేదట. తెర బాగుపడినచో తానే తీరికగా వ్రాసికొందునని యనుకొన్నారు. క్రొత్త తెర కనబడినదిగాని వ్రాసికొనుటకు ఆయనకు దొరకిన కాలము పావుగంట.

వారము గడచిన పిమ్మట ఆయనే మా యింటికి వచ్చినారు. చేతిలో పసుపు మరకలతో నొక పాత పెండ్లిపత్రిక. దాని వెనుక తెలుగు అంకెలలో వరుసలు వరుసలుగా సంఖ్యలు, ఏనాడో కన్ను బాగున్నప్పుడు వ్రాసికొన్నవి. సన్నాయి రెండు అను నాదమునకు చెందినవి. మనుమరాలు అరలు సర్దుచుండగా దొరకినదట. అందరము పోయి కూర్చుంటిమి. ఆయన కాగితము చూచి, మీట జరిపి, తెర చూచి, తానే సరిచూచుకొనుచు నలుబది నిమిషములలో ఎక్కించిరి; ఎవరిని పిలువలేదు. పూర్తియైన పిమ్మట వాయించినారు. "ఇదే" అనిరి. 1990 ప్రాంతమున ఏ పెండ్లిలోనో పలికిన సన్నాయి ఆ ముందుగదిలో పలికినది. తెర క్రొత్తది, బ్యాటరీ క్రొత్తది, సంఖ్యలు కాగితమునుండి వచ్చినవి. ఇది ఆ వాద్యమా, ఆ వాద్యము వంటిదా యని మా మిత్రుడు గాని, మేము గాని ఆ పూట అడుగలేదు.

పాత తెరను ఒక సబ్బుపెట్టెలో దూది పెట్టి దాచినారు. నీలపు వెలుగు మరీ ఎక్కువగా నున్నదని, రాత్రివేళ కండ్లలో పొడుచుచున్నదని ఆయన ఫిర్యాదు. మెకానిక్కు మరల వచ్చి నిరోధకమును మార్చి తగ్గించెను. కంప్యూటరు తీగె మేము కొనిపెట్టితిమి. సన్నాయి రెండు ఇప్పుడు మూడుచోట్ల భద్రముగా నున్నది. తక్కిన ముప్పదియొకటిలో కొన్నింటిని చెవి గుర్తుతో మరల కట్టుచున్నారు. జాతర చాలవరకు వచ్చినది, బాయికాడ రాలేదు. కీక్రి దగ్గర ఆగిపోయినారు. మొదటి గీర వచ్చుచున్నదిగాని లోపలి యేడ్పు రావడము లేదట. అసలు వాద్యము వినక ముప్పదియేండ్లయినది. వచ్చే పుష్యమాసమున కేస్లాపూరు జాతరకు తోడు రమ్మని మమ్ము అడిగినారు. మనుమరాలికి అప్పటికి పరీక్షలు దగ్గరపడును గనుక ఆమె రాదు. ఇంద్రవెల్లి వరకు బస్సు, అచ్చటినుండి ఆటో యని దారి కనుగొని పెట్టితిమి.